మొదటి చుక్క

సాయంత్రం బార్ తెరవగానే మొదటి గ్లాసు ఇంద్రాణి చేతి మీదుగానే వెళ్లాలి. అది మేనేజర్ మనోజ్‌కుమార్ పట్టుదల. ఆమె బోణీ చేసిన రోజు బిల్లులు బాగా లేస్తాయని అతని నమ్మకం. ఇలాంటి నమ్మకాలు టై కట్టుకున్నవాళ్లకి ఉంటే సెంటిమెంటు అంటారు. మిగతావాళ్లకి ఉంటే ఏమంటారో ఇంద్రాణికి ఆ వారంలో తెలిసింది.

శనివారం బోణీ రవిశంకర్‌ది. ఆయన లారీల కాంట్రాక్టరు. ఇంట్లో ఏ శుభకార్యమైనా విందు ఈ హోటల్లోనే ఇస్తాడు, అందుకని ఆయన వస్తే మనోజ్‌కుమార్ తలుపు దాకా ఎదురెళ్తాడు. ఆరోజు మేనల్లుణ్ని వెంటేసుకుని వచ్చి, సోఫాలు వదిలేసి నేరుగా కౌంటర్ ముందు ఎత్తు కుర్చీ ఎక్కాడు.

"ఏదో కొత్తది పెట్టారట కదా, బేటీ. అది చెయ్యి, చూద్దాం" అన్నాడు హిందీలో.

కొత్తదంటే 'ఫర్నేస్ మార్టినీ'. నిజానికి అందులో కొత్తేమీ లేదు. జిన్ మార్టినీలో కాస్త తియ్యటి నారింజ లిక్కర్ కలపడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఊరు ఉక్కుది కాబట్టి మనోజ్‌కుమార్ దానికి ఆ పేరు తగిలించాడు. ఆ పేరు విన్న రోజు ఇంద్రాణి తండ్రి సింహాద్రి, "ఫర్నేసులో ఐసుగడ్డలేటే!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆంధ్రా నుంచి వచ్చి, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, ఆయనకి నవ్వే హక్కుంది.

ఇంద్రాణి ఫ్రిజ్‌లోంచి గ్లాసు తీసింది. దాని మీద తెల్లగా మంచు పట్టి ఉంది. గాజు జాడీ నిండా పెద్ద ఐసుగడ్డలు వేసి, కొలిచి జిన్ పోసింది. అందులో నాలుగో వంతు డ్రై వెర్మూత్ వైను, ఇంకో నాలుగో వంతు నారింజ లిక్కర్. ఈ లిక్కర్ దగ్గరే చెయ్యి జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువైతే పెళ్లిలో పోసే షర్బత్ అవుతుంది, తక్కువైతే ఉన్నా లేనట్టే. తర్వాత పొడుగాటి మెలికల చెంచా జాడీ గోడకి ఆనించి తిప్పడం మొదలుపెట్టింది. దీన్ని కుదపకూడదు. కుదిపితే ఐసు చితికి మందు మబ్బేస్తుంది. చెంచా చప్పుడు కాకూడదు, మోచెయ్యి కదలకూడదు, పనంతా వేళ్లదే. మేనల్లుడు ఫోన్ తీసి ఆ వేళ్ల మీదే పెట్టాడు. ఇంద్రాణి చూసీ చూడనట్టు తిప్పుతూనే ఉంది. జాడీకి బయట చెమట పట్టాక చెంచా పైకి తీసి, విదిలించి, పక్కన పెట్టింది. మందు గ్లాసులోకి వడగట్టింది. సంత్రా పండు తొక్క చెక్కింది. లోపలి తెల్లపొర అంటుకుంటే చేదొస్తుంది కాబట్టి పైతొక్కే, కాగితమంత పల్చగా. దాన్ని గ్లాసు మీద మడిచి నొక్కితే నూనె తుంపర లేచింది. వాసన రవిశంకర్ దాకా వెళ్లింది.

ఆయన ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "వాహ్! నీ చేతిలో జాదూ ఉంది, బేటీ" అన్నాడు.

మేనల్లుడు ఆ మాటే పేరుగా పెట్టి వీడియోని అక్కడికక్కడే లోకానికి వదిలాడు. 'చేతిలో జాదూ'. ఇంద్రాణికి కూడా పంపాడు. ఆమె దాన్ని తన ఫోన్‌లో స్టేటస్‌గా పెట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, తన పని ఇంత అందంగా ఉంటుందని మొదటిసారి బయటినుంచి చూసుకుంది. మురిసిపోయింది.

సోమవారం మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేసరికి బార్ తాళాలు ఎప్పుడూ ఉండే కొక్కేనికి లేవు. రిసెప్షన్ పిల్ల తలెత్తకుండా "సార్ రమ్మన్నారు" అంది.

మనోజ్‌కుమార్ ఫోన్ ఆమె వైపు తిప్పాడు. అదే వీడియో. ఎవరో వేగం తగ్గించి, ఆమె చేతి చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. చెంచా జాడీలోంచి నెమ్మదిగా పైకొచ్చింది. చెయ్యి పక్కకి తిరిగింది. చెంచా కొస నుంచి చుక్కలు లేచి, గాల్లో మెరిసి, కౌంటర్ అవతల నేల మీద పడ్డాయి. అదే క్షణంలో ఆమె పెదవులు కూడా కదిలాయి.

"ఏమిటిది, ఇంద్రాణీ?"

"తెలీదు, సార్."

"నీ చెయ్యి నీకు తెలీదా?"

నిజంగానే తెలీదు. పెదవులు ఏమన్నాయో అంతకన్నా తెలీదు. తన చెయ్యి తనకి చెప్పకుండా ఒక పని చేస్తోందని ఇంద్రాణి అప్పుడే చూసింది. ఏ తప్పూ చెయ్యలేదు. అయినా ఆ చెయ్యి దానంతటదే వెళ్లి దుపట్టా కింద దాక్కుంది.

సంగతి ఇదీ. ఆదివారం తెల్లవారకముందే రవిశంకర్ తల్లి స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది, ఆసుపత్రిలో ఉంది. ఇంట్లో ఏ ముసలమ్మో మనవల ఫోన్‌లో ఈ వీడియో చూసి, "ఆ పిల్ల ఏం చల్లింది? ఏం గొణిగింది?" అని అడిగింది. అంతే. 'చేతిలో జాదూ' అన్న పేరు మార్చక్కర్లేకుండానే దాని అర్థం మారిపోయింది. వీడియో కింద కామెంట్లలో జనం తలా ఒక రాయి వేశారు. ఎక్కువమంది వేసిన రాయి ఒకటే మాట. టోనహీ. చేతబడి చేసే ఆడది.

"నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు" అన్నాడు బోణీ చెయ్యి నమ్మే మనోజ్‌కుమార్. "కానీ రవిశంకర్‌జీ నమ్ముతున్నారు. నేనేం చెయ్యను? ఇది తేలేదాకా నువ్వు బార్ వైపు రావద్దు. స్టోర్‌లో ఉండు."

స్టోర్ అంటే విందుల సామాను పెట్టే గది. కిటికీ లేదు. వేడినీళ్లలో వెనిగర్ పోసి, చెంచాలూ ఫోర్కులూ ముంచి, మరక లేకుండా గుడ్డతో తుడవాలి. బార్‌లో తన చోటు కోసం ఇంద్రాణి చాలా ఏళ్లు ఇదే గదిలో పనిచేసింది. ఎక్కిన మెట్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో దిగి మళ్లీ అదే స్టూలు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. మొదటి చెంచా తీసి వేడినీళ్లలో ముంచింది.

సర్వీసు మధ్యలో ఖాళీ దొరికి రోహిణి వచ్చి పక్కన కూర్చుంది. బార్‌లో టేబుళ్లు చూసే మనిషి. పక్కనున్న దుర్గ్ పట్నం అవతల పల్లెటూరు వాళ్లది. తనూ ఒక గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

"నేను రోజూ ఇలా చేస్తానా, రోహిణీ?"

"మొదటి గ్లాసుకి చేస్తావు, దీదీ. తర్వాతవాటికి చెయ్యవు."

"మరి నువ్వెప్పుడూ అడగలేదేం?"

"అడగడానికి ఏముంది? మా నాన్న ఇప్పసారా తాగేముందు నేలకి వేస్తాడు. నువ్వూ అదే అనుకున్నాను."

ఇంద్రాణి చేతిలో చెంచా ఆగింది. "అయితే రవిశంకర్‌జీ వాళ్లింట్లో..."

"వాళ్ల తాతలు వేసే ఉంటారు. ఇప్పుడు పాలరాయి పరిచారు కదా, మరక పడుతుంది" అంది రోహిణి. ఇద్దరూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. రోహిణి గొంతు తగ్గించింది. "దీదీ, ఆ మాట ఉత్త తిట్టయితే మరిచిపొమ్మనేదాన్ని. మా ఊళ్లో ఒకావిడని అలాగే అన్నారు. మొదట్లో అందరూ నవ్వుతూనే అన్నారు." ఫోర్కు ఎత్తి లైటు కింద చూసి, మరక లేకపోయినా మళ్లీ తుడిచింది. "ఆ మాట అన్నవాళ్ల మీద కేసు పెట్టొచ్చు. మన రాష్ట్రంలో దానికి చట్టముంది. నువ్వు పెట్టాలి, దీదీ."

"పెడితే?"

రోహిణి గుడ్డని వెనిగర్ నీళ్లలో ముంచి పిండింది. కేసు పెట్టిన పిల్లకి ఈ ఊళ్లో ఏ హోటల్ వాడూ చెంచా అందించడని ఇద్దరికీ తెలుసు. పెట్టకపోతే ఆ మాట అలాగే అంటుకుని ఉంటుంది. మింగమంటే కప్పకి కోపం, కక్కమంటే పాముకి కోపం.

మంగళవారం స్టోర్ పని పొద్దు వాలేసరికే అయిపోయింది. ఆ వేళకి వాళ్లుండే క్యాంప్ 1 కార్మికవాడలో సందులన్నీ ఇళ్లలోంచి బయటికొచ్చి కూర్చుంటాయి. సింహాద్రి కూడా గుమ్మం ముందు మడతకుర్చీ వేసుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద గ్లాసు, చెంబుతో నీళ్లు, ఉడకబెట్టిన శనగలు. రిటైరయ్యాక రోజూ ఇదే డ్యూటీ. పొద్దుపడ్డాక ఒక్క గ్లాసు, అదీ వీధిలోనే. తలుపేసుకుని తాగేవాడు దొంగని ఆయన సిద్ధాంతం.

"ఏటే, మొకం అలాగెట్టినావు? మీ బార్లో సరుకయిపోనాదేటి?"

ఇంద్రాణి మెట్టు మీద కూలబడింది. తండ్రి మందు పోసుకోవడం, నీళ్లు కలపడం చూస్తూ కూర్చుంది. ఆయన ఉంగరం వేలు గ్లాసులో ముంచి, నేల మీదకి ముమ్మారు విదిలించాడు. పెదవులు కదిలాయి. తర్వాత గ్లాసెత్తాడు.

పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. శనగలు తెచ్చిపెట్టే వయసులో అయితే ఆ చుక్కలు మీద పడకుండా కాళ్లు వెనక్కి లాక్కునేది కూడా. ఇన్నేళ్లలో ఒక్కసారీ దాన్ని చూసినట్టే లేదు.

"నాన్నా, అదేటి?"

"ఏది?"

"ఇప్పుడు చేశావు గదా."

సింహాద్రి తన చేతికేసి చూసుకున్నాడు. "నానేటి సేసినాను?" అన్నాడు. ఆయనకీ తెలీదు. కాసేపటికి వెలిగింది. "ఓ, అదా! నేలకేసినాను."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏటి సెప్పనే? మా అయ్య ఏసీవోడు. కల్లు దింపుకొస్తే ముందు నేలకే. తల్లి తాగకుండా పిల్లడు తాగుతాడేటి?" కొన్ని శనగలు నోట్లో వేసుకుని నమిలాడు. "మరి నాతో కూకొని తాగి పైకెల్లిపోయినోలున్నారు. ఫర్నేసు కాడ నాతోటి గోపాలం ఉన్నాడు, కోహ్కా బస్తీలో మీ గురునాథరావు మావున్నాడు. ఆలకి ఎవులు పోత్తారు? మనవే గదా."

ఇంద్రాణి ఫోన్ తీసి వీడియో పెట్టి ఇచ్చింది. సింహాద్రి దాన్ని చేతి పొడుగు దూరాన పట్టుకుని, మెడ వెనక్కి వంచి చూశాడు. ఒకసారి చూసి మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారి చూస్తున్నప్పుడు ఆయన ముఖంలో వచ్చిన వెలుగు ఇంద్రాణి ఎన్నడూ చూడలేదు. ఆమెకి ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత వెలుగు లేదు.

"ఒలే కన్నమ్మా! ఇలా రాయే! నీ కూతుర్ని సూడు." భార్య గుమ్మంలోకి వచ్చేదాకా ఆగలేకపోయాడు. "అచ్చం మా అయ్య సెయ్యే ఇది. ఆ తిప్పుడు సూడు. నాను నేర్పినేదు, ఎవులూ నేర్పినేదు. ఊరు ఇడిసొచ్చి ఇన్నేళ్లయినా దీని సేతిలోకి ఎలాగొచ్చిందే? పెదాలు సూడు, 'తల్లీ' అంటంది. నాను అదేగా అంటాను!" కళ్లు తుడుచుకున్నాడు. "బతికినన్నాళ్లూ నేలకేసినోడికి, పోయాక నేలకేసీ మడిసి ఉండాలి గదా. నాకున్నాది."

ఆ కాసేపూ ఇంద్రాణికి అన్నీ సర్దుకున్నట్టే అనిపించింది. చెయ్యి మళ్లీ తనదైంది. అది ఏమందో తెలిసింది. తండ్రి ముందు ఇంకాసేపు అలాగే కూర్చుంటే చాలనుకుంది.

కన్నమ్మ చేతిలో బియ్యం చేట అలాగే ఉంది. "సూసినాను" అంది. "నిన్ననే కొళాయి కాడ సూపించినారు. ఈదంతా సూసినాది. కింద ఏటి రాసినారో అది కూడా సదవండి."

సింహాద్రికి తెలుగు కన్నా హిందీ చదవడమే అలవాటు. వేలితో మెల్లగా పైకి తోస్తూ చదివాడు. టోనహీ అన్న మాట దగ్గర వేలు ఆగింది.

"ఈ మాటన్నది మన గుంటనేటి?" అని అడిగాడు.

ఇంద్రాణి అప్పుడు మొత్తం చెప్పింది. రవిశంకర్ తల్లి పడిపోవడం, స్టోర్, చెంచాలు. అన్నీ విని సింహాద్రి గ్లాసు కింద పెట్టేశాడు.

"రేపు నానొత్తాను. ఆ బాబుతో నాను మాటాడతాను. బాబూ, ఇది మా పెద్దలకాడ నుంచి ఒచ్చిన అలవాటు, ఎవులికీ కీడు సేసీది కాదు, అని నాను సెప్తాను. ముసిలి మడిసి సెప్తే ఇంటాడు."

ఇంద్రాణికి ఆ దృశ్యం కళ్లకి కట్టింది. ఇస్త్రీ చొక్కా, కాన్వాసు బూట్లు, క్యాంపు హిందీ, చేతులు కట్టుకుని నిలబడి నేలకి ఎందుకు చుక్కలు వెయ్యాలో రవిశంకర్‌కి వివరించే తండ్రి. పక్కన ఫోన్ ఎత్తి పట్టుకున్న మేనల్లుడు. ఒళ్లు ముడుచుకుపోయింది.

"వద్దు, నాన్నా. నువ్వొస్తే ఇంకా పెద్దదవుద్ది."

అది సగమే నిజం. మిగతా సగం సిగ్గు. సింహాద్రికి ఆ సగం అందిందో లేదో, తల ఊపి ఊరుకున్నాడు.

బుధవారం పొద్దున మనోజ్‌కుమార్ ఫోన్ చేశాడు. రవిశంకర్ తల్లికి ఆపరేషన్ బాగా జరిగిందట. ఆయన కాస్త మెత్తబడ్డాడట. మధ్యాహ్నం వస్తాడు, ఆయన ముందే అదే గ్లాసు మళ్లీ కలిపి చూపించాలి. "ఒక్క వాక్యం చాలు, ఇంద్రాణీ. చెంచాకి నీళ్లున్నాయి, విదిలించాను. అంతే. అది అబద్ధం కూడా కాదు, చెంచాకి తడి ఉంటుంది కదా." మనోజ్‌కుమార్ చెడ్డవాడు కాడు. ఎవరి మీదా ఏ మరకా పడకుండా చూసే ఉద్యోగం అతనిది.

బార్‌లో పగటి లైట్లన్నీ వేశారు. ఆ వెలుతురులో కౌంటర్ గీతలూ గోడ పెచ్చులూ బయటపడ్డాయి. రవిశంకర్ అదే కుర్చీలో కూర్చున్నాడు. మేనల్లుడు ఫోన్ పట్టుకున్నాడు, ఈసారి ఇంకా దగ్గరగా. రోహిణి ఖాళీ టేబుళ్లు తుడుస్తూ దూరంగా ఉంది.

ఇంద్రాణి ఐసు వేసింది. జిన్, వెర్మూత్, నారింజ లిక్కర్ కొలిచి పోసింది. చెంచా తిప్పింది. జాడీకి చెమట పట్టింది. ఇక చెంచా తియ్యాలి. అక్కడ చెయ్యి బరువెక్కింది. పక్కకి తిరగబోయింది. మొన్నటిదాకా ఆ సంగతి తెలీదు కాబట్టి ఆపాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు తెలుసు. మోచేతిని పక్కటెముకలకి అదిమిపట్టి, చెంచాని నిటారుగా తీసి, తీసినదాన్ని తీసినట్టే నీళ్లగ్లాసులో నిలబెట్టింది. పెదవులు బిగబట్టింది. వడగట్టి, తొక్క నొక్కి, గ్లాసుని రవిశంకర్ ముందుకి జరిపింది.

ఆయన గ్లాసుని ముట్టుకోలేదు. ఒక వేలితో వెనక్కి నెట్టాడు. "ముందు నువ్వు తాగు" అన్నాడు.

మనోజ్‌కుమార్ నేలచూపులు చూశాడు.

అతిథి గ్లాసుకి ఇంద్రాణి ఏనాడూ నోరు పెట్టలేదు. రుచి చూడాలంటే స్ట్రా కొసతో ఒక బొట్టు తీసి ముంజేతి మీద వేసుకుని నాలుకకి అద్దుకుంటుంది. గ్లాసు రెండు చేతులతో ఎత్తి తాగింది. చల్లగా దిగింది, ముందు నారింజ, వెనక సన్నటి చేదు. బాగా కుదిరింది. అంత బాగా కుదరకుండా ఉంటే బాగుండేదని అనిపించింది.

"ఆరోజు ఏం చేశావు?" అని అడిగాడు రవిశంకర్.

"చెంచాకి నీళ్లున్నాయి సార్, విదిలించాను."

"ఏదో గొణిగావు?"

"ఎన్నిసార్లు తిప్పానో లెక్కపెట్టుకుంటాను సార్."

"మీది ఆంధ్రా కదా. మీ ఇంట్లో ఇలాంటివి చేస్తారా?"

"లేదు, సార్. మా ఇంట్లో ఎవరికీ ఇలాంటి అలవాట్లు లేవు." అక్కడితో ఆగితే సరిపోయేది. అడగని మాట ఇంకొకటి తోసుకొచ్చింది. "మా నాన్నకి అసలే గిట్టవు. ఇలాంటివి చేసేవాళ్లని చూస్తే ఆయనకి అసహ్యం."

రవిశంకర్ ముఖం తేలికపడింది. తల్లి మీది బెంగతో ఆయనా మూడు రోజులుగా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. "సరే బేటీ, పొరపాటు పడ్డాం. ఆసుపత్రి గొడవలో బుర్ర పనిచెయ్యదు" అని లేచాడు. మేనల్లుడు ఫోన్ దించి, ఇది కూడా పెడతాను దీదీ, అందరికీ తెలియాలి కదా, అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వాళ్లు వెళ్లాక మనోజ్‌కుమార్ మిగిలిన మందుని సింకులో ఒంపేసి, జేబులోంచి తాళాలు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇవాళ ఇంటికెళ్లు. రేపటినుంచి బోణీ మళ్లీ నీదే."

రోహిణి ఎదురుపడినప్పుడు భుజం మీద చెయ్యేసి వెళ్లిపోయింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఇంద్రాణి బయటపడింది. మార్కెట్‌లో దిగి తండ్రికి ఇష్టమని వేడి సమోసాలు కట్టించుకుంది. ఉద్యోగం నిలబడింది, ఆ మాట ముందు చెప్పాలి, మిగతాది చెప్పక్కర్లేదు అని దారి పొడుగునా అనుకుంటూ నడిచింది. సమోసా పొట్లం నూనె అరచేతికి అంటుకుంది.

సందులో అన్ని గుమ్మాల ముందూ మనుషులున్నారు. తమ గుమ్మం ముందు మడతకుర్చీ లేదు. తలుపు వేసి ఉంది. తట్టితే కన్నమ్మ గడియ తీసి, ఆమె లోపలికి రాగానే మళ్లీ వేసింది.

సింహాద్రి లోపలి గదిలో గోడకి ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. ముందు గ్లాసు, చెంబు, శనగలు. ఫ్యాను తిరుగుతున్నా ఉక్కగా ఉంది.

"నాన్నా, తాళాలు ఇచ్చేశారు. రేపటినుంచి బార్‌లోనే."

"తెలిసినాదమ్మా. పక్కింటి శంకరరావు ఫోన్లో సూపించినాడు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "బాగా సెప్పినావు. ఎక్కడా తడబడనేదు. అలగే సెప్పాల. లేపోతే ఆలు ఇడిసిపెట్టరు."

ఇంద్రాణి ఆ మాటల్లో దెప్పు కోసం వెతికింది. దొరకలేదు. దొరికి ఉంటే ఏడ్చి, కాళ్లు పట్టుకుని, నిన్న ఆయన సొంత నోటితో చెప్పుకున్న సంతోషాన్ని మళ్లీ ఆయన చేతిలో పెట్టేది. ఆయన నిజంగానే మెచ్చుకున్నాడు. కూతురి ఉద్యోగం దక్కినందుకు సంతోషించాడు.

ఆమె సమోసాలు ముందు పెట్టింది. ఆయన ఒకటి తీసుకుని, విరిచి, సగం ఆమెకిచ్చాడు. గ్లాసులో మందు పోసుకున్నాడు. నీళ్లు కలిపాడు. ఉంగరం వేలు గ్లాసు దాకా వెళ్లింది. అంచు మీద ఆగింది. వేలు ముడుచుకుని, గ్లాసెత్తి తాగేశాడు.

"నేలకి వెయ్యలేదు, నాన్నా."

"ఏదో పాత అలవాటమ్మా. మానేత్తే పోద్ది."

"తలుపేసుంది కదా. ఎవరూ చూడట్లేదు."

"ఎప్పుడు ఎవులు సూత్తారో ఏటి సెప్పగలం? ఆ సింహాద్రే నేర్పినాడంటారు. నీ పేరెందుకు పాడవ్వాల?"

కన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటే చూస్తోంది. ఇంద్రాణి చాప మీదకి జరిగింది. తండ్రి చేతిలోని గ్లాసులో తన ఉంగరం వేలు ముంచింది. నేల మీదకి విదిలించి, పెదవులు కదిపి, ఈసారి పైకి వినబడేలా "తల్లీ" అంది. గచ్చు మీద చుక్కలు మెరిశాయి. తండ్రి ముఖంలోకి చూసింది, నిన్నటి వెలుగు కోసం.

సింహాద్రి గాభరాగా తలుపు వైపు చూశాడు. గ్లాసు పక్కన పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి, ముందుకి వంగి ఆ తడిని తుడిచేశాడు. ఒక్క చుక్కా మిగలకుండా రెండోసారి కూడా తుడిచాడు.

"రేపు డ్యూటీ ఎన్నింటికమ్మా?" అని అడిగాడు.